ఎనిమిదో గుడ్డ

మన మెకానిక్కుల సంఘం కుర్రాళ్ళు ఇంటికొచ్చి, "బాబాయ్, నలభై రెండేళ్ళు ఇంజన్లతో బతికావు గదా, కొత్తగా పనిలోకొచ్చేవాళ్ళకి పనికొచ్చేట్టు నాలుగు ముక్కలు రాసియ్యి" అన్నారు. ఆ నాలుగు ముక్కలకి నాకు నలభై రోజులు పట్టింది. ఇంజను విప్పమంటే కళ్ళు మూసుకుని విప్పుతాను గానీ, పెన్ను మూత విప్పేసరికి చెమటలు పట్టాయి. మొదటి కాగితం మీద గ్రీజు మరక పడింది. పారేసి రెండోది తీసుకుంటే దాని మీదా పడింది. ఇది మూడోది. మరక ఉంటే ఉండనీయండి.

నరసరావుపేటలో షెడ్డు ఎప్పుడు పెట్టానో, ఎన్ని బండ్లు చేశానో, ఎవరు శాలువా కప్పారో ఇక్కడ రాయను. కప్పింది ఒక్క శాలువానే, అది మా ఆవిడ ఇస్త్రీ బల్ల మీద పరిచింది. నేను రాసేది ఒకే ఒక్క ఇంజను గురించి. షెడ్డు అప్పగించి ఇంట్లో కూర్చున్నాక, మా పెరట్లో, మా సొంత కారుకి సెకండ్ హ్యాండ్ ఇంజను తెచ్చి ఎక్కించిన సంగతి. దాంతోపాటు కోటయ్య సంగతి. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ కోటయ్య గుడ్డ కథ తెలుసు. తెలియనివాళ్ళ కోసం మళ్ళీ చెబుతాను. తెలిసినవాళ్ళు ఈసారి ఇంకాస్త నిదానంగా చదవండి. ఇది ఒక మనిషి పేరుకి సంబంధించిన విషయం, ఆ పేరుని బజారున పెట్టింది నేనే.

చెవి ఒకడిది, నోరు ఒకడిది

నేనూ కోటయ్యా ఇద్దరం మస్తాన్ సాయిబు గారి దగ్గరే పని నేర్చుకున్నాం. సాయిబు గారు పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని, లోపల ఏ సిలిండరు ఏడుస్తోందో చెప్పేవారు. ఆ విద్య కోటయ్యకి నెలలో పట్టుబడింది. నాకు ఎన్నేళ్ళు పెట్టుకున్నా చెవి మురికి కావడం తప్ప ఏమీ తెలిసేది కాదు. అయితే కస్టమరుతో మాట్లాడటం, 'రేపొచ్చి తీసుకెళ్ళండి' అని పదిరోజులపాటు అదే నమ్మకంతో చెప్పడం నాకు పుట్టుకతో వచ్చింది. చెవి కోటయ్యకి, నోరు నాకు. సాయిబు గారు చూపు తగ్గి పని మానేసినప్పుడు షెడ్డు నోరున్నవాడికి దక్కింది. కోటయ్య నా దగ్గరే మేస్త్రీగా ఉండిపోయాడు. నాకంటే రెండేళ్ళు చిన్న, నన్ను అన్నా అనేవాడు.

ముప్పై ఏళ్ళ కిందట రొంపిచెర్ల వైపు నుంచి ఒక పత్తి వ్యాపారి జీపు మా షెడ్డుకి వచ్చింది. ఇంజను మొత్తం విప్పి మళ్ళీ కట్టే పని. మన దగ్గర ఒక ఆచారం ఉంది గదా, ఇంజను కట్టాక మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ముహూర్తం చూసి, బానెట్ మీద పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొడతాం. ఆచారం మీద నాకేం కోపం లేదు, కొబ్బరి ముక్కలు నేనూ తిన్నాను. నా గొడవంతా గడియారంతోనే. పంతులు గారు తొమ్మిదీ పదికి అన్నాక, తొమ్మిదీ ఐదుకి ఇంకా బోల్టులు బిగిస్తూ చెమటలు కక్కే మెకానిక్కు ఏం చూసుకుంటాడు?

ఆరోజు నేను ఆఖర్లో బిగించింది మానిఫోల్డు. అంటే ఇంజనులోకి గాలి తీసుకుపోయే గొట్టం. అది విప్పి ఉన్నప్పుడు ఇంజను పక్కన నాలుగు రంధ్రాలు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. వాటిలో నట్టో ఇసుకో పడకుండా తలా ఒక గుడ్డ కుక్కుతాం. మానిఫోల్డు పెట్టేముందు తీసేస్తాం. ఆరోజు మూడు గుడ్డలు బయటికొచ్చాయి. గేరుబాక్సు వైపున్న నాలుగోది లోపలే ఉండిపోయింది. కాయ కొట్టారు, నేను తాళం తిప్పాను. ఇంజను ఒక్కసారి దగ్గింది, లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు టంగుమంది, ఆగిపోయింది. గుడ్డ లోపలికి గుంజుకుపోయి వాల్వు కింద ఇరుక్కుంది. మూసుకోని వాల్వుని పైకొచ్చిన పిస్టన్ గుద్దింది. వాల్వు తల విరిగి పిస్టనుకి చిల్లు పడింది.

వ్యాపారి, ఆయన బావమరిది, పంతులు గారు, చుట్టుపక్కల షెడ్ల వాళ్ళు, అందరూ నా వైపు చూశారు. ఇంజను పైభాగం, అంటే హెడ్డు, విప్పి, కాలిన గుడ్డపేలిక బయటికి లాగేదాకా ఎవరూ కదల్లేదు. నేను కోటయ్య వైపు చూశాను.

"మానిఫోల్డు కాడ నేను చెయ్యే పెట్టలేదన్నా. పొద్దుటి నుంచీ బండి కింద గేరుబాక్సు కాడ ఉండా" అన్నాడు కోటయ్య.

"అయితే గుడ్డకి కాళ్ళొచ్చి అదే నడిచొచ్చి దూరిందా? రేపట్నించి షెడ్డుకి రామాకు" అన్నాను.

 కోటయ్య కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, రంపప్పొట్టుతో రుద్దుకుని, చొక్కా మార్చుకుని వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఇంకే షెడ్డువాళ్ళూ అతన్ని పెట్టుకోలేదు. ఇంజన్లో గుడ్డ మర్చిపోయినవాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? కొన్నాళ్ళకి మాచర్ల పోయాడని విన్నాను.

ఆ తర్వాతే మన షెడ్డులో గుడ్డల లెక్క మొదలైంది. రంధ్రంలో పెట్టిన ప్రతి గుడ్డకీ తోక బయటికి వేలాడాలి. పని మొదట్లో గోడ మేకు మీంచి ఎన్ని గుడ్డలు తీశామో చివరికి అన్నీ మేకుకి చేరాలి. "కోటయ్య లాగా చెయ్యమాకండిరా" అని వచ్చిన ప్రతివాడికీ ఈ కథ చెప్పేవాణ్ణి. పెళ్ళిళ్ళలో చెప్పాను. బస్సు ఆగిపోతే రోడ్డు పక్కన ప్రయాణికులకి చెప్పాను. పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, నోట్లో దూది కుక్కుతున్న డాక్టరుకి కూడా, "లెక్కేసుకోండి సార్, మా కాడ కోటయ్యని ఒకడుండేవాడు" అని మూలుగుతూనే చెప్పాను. చెప్పేకొద్దీ కథ నున్నగా తయారైంది. గుడ్డల లెక్క నియమానికి మాత్రం ఒక్క మినహాయింపు ఉండేది. నా గుడ్డలు నేను లెక్కపెట్టేవాణ్ణి కాదు. షెడ్డు నాది గదా.

అన్ని ఇంజన్లూ డాక్టర్లవే

ఇక మా కారు. ఊరందరి కార్లూ బాగుచేసిన నాకు సొంత కారు ఒకటుంది. పాత డీజిల్ కారు, తెల్లది. పదేళ్ళుగా పెరట్లో టార్పాలిన్ కప్పుకుని పడుకునుంది. దాని ఇంజను ఎందుకు పోయిందని అడుగుతారేమో. రేడియేటర్లో నీళ్ళు అయిపోయినా చూసుకోకుండా వినుకొండ దాకా తోలాను. ఆ పని కస్టమరెవరైనా చేస్తే షెడ్డులో నిలబెట్టి అరగంట క్లాసు పీకేవాణ్ణి.

మా ఆవిడ అనసూయకి మోకాళ్ళు అరిగాయి. మాచర్లలో ఆమె చెల్లెలు ఉంది. బస్సు మెట్లు ఎక్కలేక ఏడాదిన్నరగా చెల్లెల్ని చూడలేదు. ఒకరోజు అన్నం పెడుతూ, "ఊళ్ళో వాళ్ళ బండ్లన్నీ తిరుగుతన్నాయి. మన బండి మాత్రం కోళ్ళకి గూడయింది" అంది. నిజమే, వెనక సీటు మీద పక్కింటివాళ్ళ కోడి గుడ్లు పెట్టి పొదుగుతోంది. ఆ కోడి పిల్లల్ని లేపాక ఇంజను తేవాలని అదే రోజు నిర్ణయించుకున్నాను.

విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇంజన్ల కొట్టుకి పోయాను. కొత్తవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, పాత ఇంజన్లన్నీ డాక్టర్లవే. "ఒక డాక్టరు గారిది సార్, క్లినిక్కుకీ ఇంటికీ తప్ప తోల్లేదు" అంటాడు కొట్టువాడు. నా కాలంలో అమ్ముడుపోయిన ఇంజన్లని బట్టి చూస్తే గుంటూరు జిల్లాలో ప్రతి మూడో ఇంటికీ ఒక డాక్టరు ఉండాలి. ఆ మాట వినకండి. ఆయిలు పోసే మూత తీసి లోపల చూడండి. మజ్జిగలాంటి తెల్లటి జిగురు కనిపిస్తే ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నట్టు, అక్కణ్ణుంచి నడవండి. ముందు పుల్లీ నట్టుకి సాకెట్ పెట్టి చేత్తో రెండు చుట్లు తిప్పండి. నాలుగుచోట్ల చెయ్యి బరువెక్కాలి. మూడుచోట్లే బరువెక్కితే ఒక సిలిండరు గాలి పట్టడం లేదు. "చేత్తో తిప్పని ఇంజన్ని తాళంతో తిప్పమాకురా" అని మస్తాన్ సాయిబు గారు రోజూ అనేవారు.

ఇవన్నీ చూశాను. నాలుగుచోట్లా బరువెక్కింది. గర్వంగా ట్రాలీ ఆటోలో వేయించుకుని ఇంటికొచ్చాను. పెరడు ఇరుకుగా ఉందని అదేరోజు పాత ఇంజన్ని ఇనప సామాన్ల అతనికి ఇచ్చేశాను. రాత్రి భోంచేసి, చెయ్యి కడుక్కుంటూ కొత్తదాన్ని తీరిగ్గా చూద్దును గదా, దీని కింద ఆయిలు నిలిచే సంపు ఆకారమే వేరు. మా కారు ఫ్రేములో కూర్చోదు. పాత సంపు, ఇంజన్ని పట్టుకునే బ్రాకెట్లు విప్పి దీనికి పెట్టాలి. అవన్నీ ఇనప సామాన్ల బండిలో పోయాయి. తెల్లారగానే స్కూటరేసుకుని చిలకలూరిపేట రోడ్డు మీద ఆ బండిని వెంటాడి పట్టుకున్నాను. అతను నా మొహం చూసి, "ఏంది మేస్త్రీ గారూ, మీరు కూడానా?" అన్నాడు. కాబట్టి కొత్త ఇంజను ఎక్కి, స్టార్టయి, ఊరంతా తిరిగొచ్చేదాకా పాతదాన్ని గుమ్మం దాటనీయకండి.

కళ్ళద్దాలు ఆవిడవి

ఇంజన్ని పెరట్లో స్టాండు మీద ఎక్కించి డీజిలుతో కడిగాను. కడగడం చిన్నపని అని కుర్రాళ్ళు అనుకుంటారు. ఇంజను ఎక్కడ కారుతోందో, ఎవడు ఎక్కడ అడ్డదిడ్డంగా విప్పాడో మురికి కిందే ఉంటుంది. కడిగేసరికి డాక్టరు గారి ఇంజను మీద పసుపు రంగు పెయింటు బయటపడింది. ఆ డాక్టరు గారు టాక్సీ తోలేవారన్నమాట.

హెడ్డు విప్పి లేతు షాపుకి పంపి చదును చేయించాను. వాల్వులు రుబ్బాను. పిస్టన్ రింగులు కొత్తవి వేశాను. రింగుని సిలిండర్లో పెట్టి, దాని రెండు కొసల మధ్య ఎంత సందుందో సన్నటి రేకులతో కొలవాలి. రేకు మీద అంకె నాకు కనిపించలేదు. రేకుని అటు తిప్పాను, ఇటు తిప్పాను, ఎండలో పెట్టాను.

"ఏందయ్యా, జాతకం చూస్తన్నావా?" అని అనసూయ తన కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి రేకు లాక్కుంది. "సున్నా పాయింటు మూడు అనుంది. మంచిదా, చెడ్డదా?"

"మంచిదే."

"అయితే ఇంకోటి ఇటియ్యి."

అలా నాలుగు సిలిండర్ల రింగులూ ఆమే చదివింది, నేను పలక మీద సుద్దతో రాసుకున్నాను. మెయిన్ బేరింగులకీ అంతే. బోల్టులు బిగువు చూపించే టార్క్ రెంచితో బిగిస్తుంటే, రెంచి మీద ముల్లు ఎక్కడుందో ఆమే అరిచి చెప్పింది. వెనక ఆయిలు సీలు బాగానే ఉందిలే అని వదిలేయబోతే, "షెడ్డులో వాళ్ళకి ఇంజను బయట ఉన్నప్పుడే మార్చమని చెబుతావు గదా?" అంది. ముప్పై అయిదేళ్ళుగా నా ఉపన్యాసాలు వంటింట్లోంచి వింటోందని నాకు అప్పుడే తెలిసింది. సీలు మార్చాను.

గుడ్డలు కావాలంటే ఆమె తన పాత ఆకుపచ్చ నూలు చీర చింపి ఇచ్చింది. "ఎనిమిది ముక్కలు. పనయ్యాక ఉతికి నాకియ్యి, వంటింట్లోకి మసిగుడ్డలు కావాలి" అంది. నేను తలూపాను. ఇంట్లో మేకు లేదు, లెక్క లేదు. పైగా ఆ పెరట్లో పనిచేసేది నేనొక్కణ్ణే, నామీద నాకు అనుమానం ఎందుకుంటుంది?

శుక్రవారం పదిన్నర

ఇంజను తయారైంది. మూడు గొట్టాలు నిలబెట్టి, చైను కప్పీ కట్టి, గురువారం సాయంత్రం ఇంజన్ని కార్లోకి దించాం. సాయానికి పక్కింటి ఇద్దరు చైను లాగి వెళ్ళిపోయారు. దించేటప్పుడు అడ్డమొస్తుందని మానిఫోల్డు ముందే విప్పి, నాలుగు రంధ్రాల్లోనూ గుడ్డలు కుక్కాను. మిగతా పనంతా పొద్దున్నే చెయ్యొచ్చులే అనుకున్నాను.

అనసూయ ఆ సాయంత్రమే పంతులు గారికి ఫోను చేసింది. శుక్రవారం పదిన్నరకి రాహుకాలం వస్తుంది, పదింబావుకల్లా స్టార్టు చేస్తే మంచిదన్నారు. మళ్ళీ అదే గడియారం. అయినా నలభై రెండేళ్ళ సర్వీసు, నాకేం భయం అనుకుని పొద్దున అయిదింటికే లేచాను. వైరింగు, రేడియేటరు, డీజిలు పైపులు, ఆయిలు పొయ్యడం, అన్నిటికంటే చివర మానిఫోల్డు. అది బిగించేటప్పటికి పది. చేత్తో రెండు చుట్లు తిప్పాను, హాయిగా తిరిగింది. పక్కింటివాళ్ళు వచ్చారు. బానెట్ మీద పసుపు, కింద నిమ్మకాయలు, చేతిలో కొబ్బరికాయ. తాళం తిప్పడమే మిగిలింది.

అప్పుడు అనసూయ, ఉతికిన గుడ్డలు ఆరేస్తూ, దండెం దగ్గర్నుంచి కేకేసింది. "ఏమయ్యో! ఎనిమిది గుడ్డలిచ్చాను. ఏడే ఉన్నాయి."

"గుడ్డపేలిక కోసం ఇప్పుడు పంచాయితీ ఏందే! టైమవుతోంది."

ఆమె కుంటుకుంటూ వచ్చి, కారు తలుపు తీసి, తాళంచెవి పీకి బొడ్లో దోపుకుంది. "ఎనిమిదోది కనపడిందాకా ఇయ్యను."

పక్కింటివాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో ఎవరూ ఎదురు చెప్పని మేస్త్రీని, నా పెరట్లో, నా కారు ముందు, మసిగుడ్డ కోసం నిలబెట్టింది. స్టాండు కింద వెతికాం. కుక్క పడుకునే చోట వెతికాం. బావి గట్టు మీద, పనిముట్ల పెట్టెలో, ఆఖరికి నా లుంగీ మడతలో కూడా చూశాం. పదీ ఇరవై అయింది.

"కార్లో చూశావా?" అంది.

"నేను బిగించిన దాంట్లో గుడ్డ ఉంటదా? ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలుసు. విప్పు."

ఆమె నోరు మూయించడానికే విప్పాను. అదే నిజం. జాగ్రత్త కోసం కాదు, 'చూడు, లేదు గదా' అనడానికి. స్పానరు విసిరికొడుతూ బోల్టులు తీశాను. మానిఫోల్డు పక్కకి జరిపాను. ఒకటో రంధ్రం, రెండోది, మూడోది, ఖాళీ. నాలుగోది సీటు వైపు గోడని ఆనుకుని ఉంటుంది, అక్కడ పైపులు అడ్డం, చూపు ఆనదు. వేలు పెట్టాను. మెత్తగా తగిలింది. రెండు వేళ్ళతో లాగితే ఆకుపచ్చ గుడ్డ వచ్చింది, అంచు మీద ఎర్ర గీతతో సహా.

దానికి తోక లేదు. నాలుగో రంధ్రం దగ్గర తోక వదిలితే పైపులకి చుట్టుకుంటుందని, నేను బొటనవేలితో గుడ్డని పూర్తిగా లోపలికి నొక్కేస్తాను. ఎప్పుడూ అంతే. నా చేతి అలవాటు. జీపులోనూ అది నాలుగో రంధ్రమే, గేరుబాక్సు వైపుది. అక్కడ కూడా పైపులు అడ్డమే.

 అనసూయ నా చేతిలో గుడ్డని చూసింది, నా మొహం చూసింది. ఆ కథ ఆమె నా నోటి నుంచి కనీసం వంద సార్లు విని ఉంటుంది.

"ఏందయ్యా," అంది మెల్లగా, "కోటయ్య గానీ వచ్చిపొయ్యాడా మనింటికి?"

 కారు అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను. మనుషుల ముందు తప్పు దొరికినందుకు కాదు, అది ఈ ఇంజను మొదలుపెట్టినప్పట్నుంచీ అలవాటైంది. ముప్పై ఏళ్ళుగా ఎంత ధీమాగా చెప్పాను ఆ కథ! ఆరోజు జీపు మానిఫోల్డు బిగించింది ఎవరు? నేను. గుడ్డలు కుక్కింది ఎవరు? నేను. కోటయ్య చెప్పినట్టే బండి కింద ఉన్నాడు, అతని కాళ్ళు బయటికి కనిపిస్తుండటం నాకు గుర్తుంది. అప్పుడూ గుర్తుందేమో. అప్పుడు నా పక్కన వేలు చూపించడానికి ఒక మనిషి ఉన్నాడు, ఇప్పుడు లేడు. అంతే తేడా.

పదిన్నర దాటింది. "రాహుకాలం పోనియ్యి, పన్నెండు తర్వాత చూద్దాం" అని అనసూయ కొబ్బరికాయ లోపల పెట్టింది. నేను మళ్ళీ బిగించాను, ఈసారి గంటంబావు పట్టింది. ఎనిమిది గుడ్డలూ దండెం మీద వేసి, ఒక్కోటీ ముట్టుకుని లెక్కపెట్టాను. పన్నెండూ పదికి, ముందు లోపలంతా ఆయిలు పాకాలని, డీజిలు అందకుండా వైరు తీసి, ఆయిలు లైటు ఆరేదాకా ఉత్తినే తిప్పాను. వైరు పెట్టి మళ్ళీ తాళం తిప్పితే రెండో దమ్ముకే అందుకుంది. పొగ పక్కింటి ఉతికిన బట్టల మీదికి పోయింది, వాళ్ళు తిట్టారు. నేను స్టీరింగు పట్టుకుని ఏడ్చేశాను. ఇంజను నడిచిందని ఏడుస్తున్నాననుకుని వాళ్ళు తిట్టడం ఆపారు.

మాచర్ల

ఆదివారం బయల్దేరాం. కొత్త రింగులు సర్దుకునేదాకా మెల్లగా తోలాలి. పిడుగురాళ్ళ దగ్గర సున్నపురాయి లారీలు కూడా హారన్ కొట్టి మమ్మల్ని దాటేశాయి. అనసూయ ముందు సీట్లో కాళ్ళు చాపుకుని మహారాణిలా కూర్చుంది. గురజాల దాటాక, "ముందు చెల్లెలింటికా, కోటయ్య కాడికా?" అని అడిగింది. నేను గేరు మార్చాను. "ముందు కోటయ్య కాడికే పద" అని ఆమే అంది.

అడిగి అడిగి కనుక్కున్నాం. చిన్న రేకుల కొట్టు. ముందంతా మిరప చేలకి మందు కొట్టే స్ప్రేయర్లు గుట్టగా ఉన్నాయి. ఇంజను చప్పుడు వింటే సిలిండరు పేరు చెప్పగలిగిన మనిషి, మధ్యలో పీట మీద కూర్చుని స్ప్రేయరు స్టార్టు చేసే తాడు చుడుతున్నాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. నన్ను చూసి చెయ్యి ఆపాడు.

"కూర్చో వదినా" అని అనసూయకి కుర్చీ వేశాడు. నాకు వెయ్యలేదు. నిలబడే చెప్పాను. గుడ్డ తీసి చేతిలో పెట్టాను. నాలుగో రంధ్రం, బొటనవేలు, తోక లేకపోవడం, అన్నీ చెప్పాను. "జీపులో గుడ్డ నాదేరా కోటయ్యా. నువ్వు కాదు" అన్నాను. 

కోటయ్య ఆ గుడ్డని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నేను కాదని నాకు తెలుసు గదన్నా" అన్నాడు. "నువ్వేనని ఆరోజే తెలుసు. నాలుగో దాన్ని నువ్వు వేలితో నొక్కుతావు, నేను చానాసార్లు చూశా. అంతమందిలో ఎట్టా చెప్పను? నువ్వే చెబుతావులే అని రెండు మూడు రోజులు ఇంటికాడ కూర్చున్నా."

కోటయ్య గుడ్డ అంచు మీది ఎర్ర గీతని వేలితో సరిచేశాడు.

"సాయిబు గారు పొయ్యారు. పత్తి ఆయన పొయ్యాడు. మా నాయన పొయ్యేముందు మంచంలో ఉండి కూడా అడిగాడన్నా, 'నిజంగా అది నువ్వు కాదుగదరా?' అని. కాదు నాయనా అన్నా. సరేలే అన్నాడు గానీ, నమ్మినట్టు లేదు. ఆయనకి ఎవరు చెబుతారు ఇప్పుడు?"

  అనసూయ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కోటయ్యే లేచాడు. "ఏదీ, స్టార్టు చెయ్యి" అన్నాడు. బానెట్ ఎత్తి, కొట్లోంచి ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు తెచ్చి, మొన ఇంజను మీద పెట్టి పిడి చెవికి ఆనించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఒక్కో సిలిండరు మీదా అంతసేపు ఉంచాడు. "బాగానే కట్టావు. మూడోదాని ఇంజెక్టరు కొంచెం వదులుగా ఉంది" అని తనే స్పానరు పెట్టి బిగించాడు. నిజంగానే చప్పుడు మారింది. అది నాకు కూడా తెలిసింది.

గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "ఆ కథ ఎంతమందికి చెప్పుంటావన్నా?"

"లెక్కలేదురా."

"అంతమందికీ చెప్పు."

గుడ్డ నాకు తిరిగి ఇవ్వలేదు. స్ప్రేయర్ల పక్కన మేకుకి తగిలించుకున్నాడు. అనసూయ దాన్ని అడగలేదు.

ఊరికొచ్చాక మొదలుపెట్టాను. పళ్ళ డాక్టరు దగ్గరికి పోయి చెప్పాను, ఆయనకి అసలు కథే గుర్తులేదు, మొత్తం మళ్ళీ చెప్పాల్సొచ్చింది. ఇనప సామాన్ల అతనికి చెప్పాను. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకుని ఎక్కడెక్కడో షెడ్లు పెట్టుకున్న మీరందరూ మిగిలారు. సంఘం కుర్రాళ్ళు రాయమంటే అందుకే ఒప్పుకున్నాను. మీ దగ్గర పనిచేసేవాళ్ళకి మీరు ఆ కథ చెప్పే ఉంటారు, నేనే నేర్పాను గదా. మళ్ళీ పిలిచి సరిగ్గా చెప్పండి. పత్తి వ్యాపారి జీపులో గుడ్డ మర్చిపోయింది కోటయ్య కాదు. నేను.